పీడీఎఫ్‌లో క్లిక్ చేస్తే సోర్సులో ఆ లైను దగ్గరే వాలాలంటే

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ఇది. గుణుపురంలో బడి చూసుకుంటూ సవర అనే గిరిజన భాష మాటల మీద థీసిస్ రాస్తున్నారు, 180 పేజీలు దాటింది. సవర మాట, పక్కన ఒడియా, ఆ పక్కన తెలుగు, కాబట్టి జీలాటెక్ (లాటెక్‌లో ఒక రకం, టైపు చేసిన సోర్సు ఫైలుని కంపైల్ చేసి, అంటే పేజీలుగా పేర్చి, పీడీఎఫ్ ఇస్తుంది) వాడుతున్నారు. విండోస్ ల్యాప్‌టాప్, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో రాయడం, నల్ల విండోలో కమాండ్ కొట్టడం, అడోబ్ రీడర్‌లో చూడడం. రీడర్ తెరిచి ఉంటే కంపైల్ అవ్వదు. మూసి కంపైల్ చేసి మళ్లీ తెరిచి, చూస్తున్న పేజీ దాకా మళ్లీ స్క్రోల్ చేసుకుంటూ పోవాలి. గైడు గారు 63వ పేజీలో ఒక వాక్యం కింద ఎర్ర గీత గీసి పంపిస్తే, అది ఏ అధ్యాయం ఫైల్లో ఎన్నో లైన్లో ఉందో వెతకడానికే ఒక పూట పోతోంది. ఎవరో సుమాత్రా అనే పీడీఎఫ్ వ్యూయర్ వేసుకోమన్నారు, వేశారు. అందులో డబుల్ క్లిక్ చేస్తే సింక్ ఫైలు దొరకలేదంటోంది. ఎడిటర్ మార్చెయ్యాలా అని అడిగారు.

మార్చక్కర్లేదు. కంపైల్ కమాండ్‌లో ఒక చిన్న ముక్క తక్కువైంది, అంతే. కానీ ఆ ముక్క చెప్పేసి ఊరుకుంటే వారం రోజుల్లో ఇంకో చోట ఆగిపోతారు, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నేను పర్లాకిమిడిలో డీటీపీ పని చేస్తాను. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తెలుగు, ఆకృతి ఫాంట్లతో ఒడియా కొట్టిన చేతులివి. ఆ ఫాంట్ల ఫైలు ఇంకో సిస్టంలో తెరిస్తే ఏమవుతుందో ఆ కాలం వాళ్లకి చెప్పక్కర్లేదు. లాటెక్‌లోకి వచ్చి పన్నెండేళ్లయింది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా థీసిస్‌లు, రెండు మూడు లిపుల్లో ప్రశ్నపత్రాలు. సవర నిఘంటువు కోసం గిడుగు వారు ఏళ్ల తరబడి మాటలు పోగేసింది మా ఊరు కేంద్రంగానే కాబట్టి మీ టాపిక్ చూడగానే ముచ్చటేసింది. ఆయనకి ఇలా క్లిక్ చేస్తే దొరికే సదుపాయం ఉండుంటే ఎన్ని కాగితాల కట్టలు తిరగెయ్యడం తప్పేదో.

సరే, అసలు సంగతి. ఇందులో ముగ్గురు ఉంటారు, మధ్యలో ఒక చిట్టా ఉంటుంది. ఒకరు కంపైలర్, అంటే మీ జీలాటెక్. రెండోవారు పీడీఎఫ్ చూపించే వ్యూయర్. మూడోవారు ఎడిటర్. ఈ ముగ్గురికీ ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలీదు. కంపైలర్ పేజీ తయారు చేస్తున్నప్పుడే ఫలానా ఫైల్లో ఫలానా లైను సరుకు ఫలానా పేజీలో ఫలానా చోట పడింది అని ఒక చిట్టా రాసుకుంటూ పోతుంది. మీరు వ్యూయర్‌లో క్లిక్ చేసినప్పుడు అది ఆ చిట్టా తిరగేసి ఫైలు పేరు, లైను నంబరు పట్టుకుని ఎడిటర్‌ని పిలుస్తుంది. ఎడిటర్ నుంచి పీడీఎఫ్‌కి వెళ్లేటప్పుడు ఇదే తిరగబడి జరుగుతుంది. సోర్సు నుంచి పీడీఎఫ్‌కి వెళ్లడాన్ని ఫార్వర్డ్ సెర్చ్ అంటారు, పీడీఎఫ్ నుంచి సోర్సుకి రావడాన్ని ఇన్వర్స్ సెర్చ్ అంటారు. మీకు కావాల్సింది ముఖ్యంగా రెండోది.

ఆ చిట్టా పేరే సింక్‌టెక్. జెరోమ్ లోరాన్స్ అనే ఆయన తయారు చేశారు, టెక్ లైవ్ (లాటెక్ ప్రోగ్రాములన్నీ కలిపి ఇచ్చే మూట) 2008 నుంచి కంపైలర్లోనే కలిసి వస్తోంది. అంతకుముందు పీడీఎఫ్‌సింక్ అని ఒక ప్యాకేజీ ఉండేది, అది పేజీలోకే గుర్తులు దూర్చేది కాబట్టి ఒక్కోసారి లైన్లు విరిగే చోటే మారిపోయేది. ప్రింటుకి ఇచ్చే ముందు తీసేయాలి, తీసేస్తే పేజీలు కదులుతాయి, అదో తలనొప్పి. సింక్‌టెక్ పేజీని ముట్టుకోదు, పక్కన వేరే ఫైల్లో రాస్తుంది. కాబట్టి ఎప్పుడూ ఆన్‌లోనే పెట్టుకోవచ్చు, ఫైనల్ కాపీకి కూడా.

ఇప్పుడు మీ కమాండ్. జీలాటెక్ అన్న మాటకీ ఫైలు పేరుకీ మధ్య ఒక హైఫన్, దానికి ఆనుకుని సింక్‌టెక్ (ఇంగ్లీష్‌లో, అన్నీ స్మాల్ లెటర్స్, చివర ఎక్స్), ఆ వెంటనే ఈక్వల్ గుర్తు, ఆ వెంటనే 1. మధ్యలో ఎక్కడా ఖాళీ వదలొద్దు. కంపైల్ అయ్యాక పీడీఎఫ్ పక్కనే, దాని పేరుతోనే, చివర సింక్‌టెక్ డాట్ జీజెడ్ అని ఇంకో ఫైలు కనబడాలి. కనబడితే మీ పని సగం అయిపోయినట్టే. చివర జీజెడ్ లేకుండా పేరులో బిజీ అన్న మాటతో ఒక ఫైలు మిగిలిపోయిందనుకోండి, కంపైల్ మధ్యలో ఆగిపోయిందని అర్థం. కంపైలర్ పని చేస్తున్నంతసేపూ చిట్టాకి ఆ పేరే ఉంటుంది, ముగిశాకే అసలు పేరు పెడుతుంది. అప్పుడు సింక్ గురించి కాదు, ముందు ఎర్రర్ గురించి చూడండి.

అడోబ్ రీడర్‌ని ఈ పనికి పక్కన పెట్టేయండి. అది విండోస్‌లో తెరిచిన ఫైలుకి తాళం వేస్తుంది, అందుకే మీకు కంపైల్ చివర్లో పీడీఎఫ్ తెరవలేకపోయానని వస్తోంది. పైగా ఈ చిట్టా చదవడం దానికి రాదు. సుమాత్రా తాళం వెయ్యదు, ఫైలు మారగానే తనే మళ్లీ లోడ్ చేసుకుంటుంది, మీరు చూస్తున్న పేజీ దగ్గరే ఉంటుంది. మీ మొదటి గోల అక్కడితో తీరిపోతుంది.

సుమాత్రాలో చెయ్యాల్సింది ఒకటే. సెట్టింగ్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్తే అడుగున ఇన్వర్స్ సెర్చ్ కమాండ్ రాయడానికి ఒక పెట్టె ఉంటుంది. కొత్తగా వేసుకున్న వాళ్లకి ఆ పెట్టె కనబడదు, వెర్షన్ తేడా అనుకుని అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తారు. చిట్టా ఉన్న పీడీఎఫ్‌ని ఒకసారి తెరిచి, ఎక్కడో ఒకచోట డబుల్ క్లిక్ చేసి, మళ్లీ ఆప్షన్స్ చూడండి, వస్తుంది. అప్పటికీ రాకపోతే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది, అందులో టెక్ ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉన్నచోట ట్రూ అని మార్చండి.

ఆ పెట్టెలో ముందు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం పూర్తి అడ్రసు డబుల్ కోట్స్ మధ్య రాయాలి. కోట్స్ మర్చిపోవద్దు, ప్రోగ్రాం ఫైల్స్ అన్న పేరులో ఖాళీ ఉంది కదా, అక్కడే విరిగిపోతుంది. తర్వాత ఒక ఖాళీ, హైఫన్, చిన్న ఎన్, దానికి ఆనుకుని పర్సెంట్ గుర్తు, చిన్న ఎల్. మళ్లీ ఒక ఖాళీ, తర్వాత డబుల్ కోట్స్ మధ్య పర్సెంట్ గుర్తు, చిన్న ఎఫ్. పర్సెంట్ ఎల్ చోట లైను నంబరు, పర్సెంట్ ఎఫ్ చోట ఫైలు పేరు సుమాత్రాయే నింపుకుంటుంది. ఎన్‌కీ పర్సెంట్‌కీ మధ్య ఖాళీ పెట్టారో, ఫైలు తెరుచుకుంటుంది కానీ లైను దగ్గరికి వెళ్లదు. నేను మొదటిసారి ఆ ఒక్క ఖాళీ కోసం ఒక సాయంత్రం పాడు చేసుకున్నాను.

అంతే. ఇక 63వ పేజీలో ఆ ఎర్ర గీత వాక్యం మీద డబుల్ క్లిక్ చేయండి, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ముందుకొచ్చి ఆ అధ్యాయం ఫైల్లో ఆ లైను దగ్గర నిలబడాలి.

నిలబడకపోతే? ఇక్కడే చాలామంది వ్యూయర్ మారుస్తారు, ఎడిటర్ మారుస్తారు, చివరికి లాటెక్ మొత్తం తీసి మళ్లీ వేస్తారు. నా మాట వినండి, ఏదీ తీయొద్దు, ముందు చిట్టా తెరిచి చదవండి. అది మామూలు టెక్స్ట్ ఫైలే, జిప్ చేసి ఉంటుంది, సెవెన్ జిప్‌తో విప్పితే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. లేదా కంపైల్ కమాండ్‌లో 1 బదులు మైనస్ 1 ఇస్తే జిప్ చెయ్యకుండానే రాస్తుంది. మొదటి లైన్లో సింక్‌టెక్ వెర్షన్, దాని కింద వరసగా ఇన్‌పుట్ అనే మాటతో మొదలయ్యే లైన్లు. ఒక్కో ఫైలుకి ఒక నంబరు, పక్కన దాని పూర్తి అడ్రసు. మీరు రాసిన ఫైళ్లే కాదు, మీరు పిలిచిన ప్రతి ప్యాకేజీ ఫైలూ అందులో ఉంటుంది, కాబట్టి మీ మూడో అధ్యాయం నంబరు 61 అయినా ఆశ్చర్యపోకండి. ఆ తర్వాత పేజీ పేజీకి ఇలాంటి లైన్లు ఉంటాయి:

(61,212:4736286,14352731:25559040,557056,196608

భయపడక్కర్లేదు, చదవడం తేలికే. 61 అంటే ఆ ఫైలు నంబరు. 212 అంటే ఆ ఫైల్లో లైను నంబరు. తర్వాతి రెండూ పేజీలో ఆ లైను ఎక్కడుందో, అడ్డంగా, నిలువుగా. చివరి మూడూ వెడల్పు, ఎత్తు, లోతు. ఈ కొలతలు పాయింటులో 65536వ వంతుల్లో ఉంటాయి, లాటెక్ లోపల లెక్కలన్నీ ఆ కొలతలోనే. 25559040ని 65536తో భాగించండి, సరిగ్గా 390 వస్తుంది. 12 పాయింట్ల రిపోర్ట్ క్లాసులో (లాటెక్‌తో వచ్చే తయారు పేజీ నమూనా ఇది), మార్జిన్లు ముట్టుకోకపోతే, ఒక లైను వెడల్పు 390 పాయింట్లు. అంటే ఇది పేజీలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్న ఒక పూర్తి లైను అన్నమాట. మొదటిసారి ఈ భాగహారం చేసి చూసుకున్నప్పుడు నాకు భలే సరదా వేసింది, ఇంట్లో వాళ్లకి చెప్తే ఎవరూ పట్టించుకోలేదనుకోండి.

మీరు చూడాల్సింది మాత్రం ఆ ఇన్‌పుట్ లైన్లు, అధ్యాయాలవి కొన్ని కిందెక్కడో పేజీల లైన్ల మధ్యలో కూడా ఉంటాయి, వెతకండి. అందులో రాసిన అడ్రసులో మీ ఫైలు నిజంగా ఉందా లేదా? నా దగ్గరికి వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. ఫోల్డరు పేరు తెలుగులోనో ఒడియాలోనో పెట్టి ఉంటారు, కంపైలర్ ఒక రకంగా రాస్తుంది, వ్యూయర్ ఇంకో రకంగా చదువుతుంది, ఎడిటర్‌కి చేరేసరికి ప్రశ్నార్థకాలు మిగులుతాయి. థీసిస్‌లో ఎన్ని లిపులైనా వాడండి, ఫోల్డర్ల పేర్లూ ఫైళ్ల పేర్లూ మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. మన తెలుగు మీద ప్రేమ తక్కువై చెప్తున్న మాట కాదు. ఇంకొకటి, గైడు గారికి పంపడానికి పీడీఎఫ్ పేరు ఫైనల్ అనీ, ఫైనల్ రెండు అనీ మారుస్తుంటాం కదా. చిట్టా పేరూ పీడీఎఫ్ పేరూ ఒకటై ఉండాలి, ఒకే ఫోల్డర్లో ఉండాలి. పేరు మార్చిన పీడీఎఫ్‌లో క్లిక్ చేస్తే వ్యూయర్‌కి చిట్టా దొరకదు. పంపేదానికి కాపీ తీసి పేరు పెట్టుకోండి, అసలుది కదపొద్దు.

అడ్రసుల గురించి నా చేదు అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీరూ పెన్ డ్రైవ్‌లో ఇంటికీ బడికీ మోస్తున్నామన్నారు. ఒకాయన థీసిస్ నా దగ్గర డీ డ్రైవ్‌లో ఉండేది. సబ్మిషన్ ముందు పాతదాన్ని అలాగే ఉంచి, ఫోల్డర్ మొత్తం కాపీ చేసి ఈ డ్రైవ్‌లో కొత్తగా పెట్టుకున్నాను, పీడీఎఫ్, చిట్టా అన్నీ కలిపి. కొత్త ఫోల్డర్లో కంపైల్ చెయ్యకుండా నేరుగా పీడీఎఫ్ తెరిచి, ఎర్ర పెన్ను గుర్తులు చూసుకుంటూ ఒక్కోదాని మీద డబుల్ క్లిక్, దిద్దడం, సేవ్. డబుల్ క్లిక్, దిద్దడం, సేవ్. చక్కగా వెళ్తోంది, నా అంత పనిమంతుడు లేడనుకున్నాను. నలభై దాకా దిద్దాక కంపైల్ చేస్తే పీడీఎఫ్‌లో ఒక్కటీ మారలేదు. వ్యూయర్ రిఫ్రెష్ అవ్వట్లేదనుకుని మూసి తెరిచాను, సిస్టం రీస్టార్ట్ చేశాను, ఆ పెద్దాయన ఎదురుగా కుర్చీలో కూర్చుని గడియారం చూస్తున్నారు, నాకు ఒకటే టెన్షన్. చివరికి ఎడిటర్ టైటిల్ బారు మీద కన్ను పడింది. డీ డ్రైవ్. చిట్టాలో రాసి ఉన్నది పాత అడ్రసే కదా, ప్రతి క్లిక్కూ నన్ను పాత ఫోల్డర్లోకి తీసుకెళ్లింది. పాతదాని పేరు మార్చి ఉంటే కనీసం ఫైలు లేదని అరిచేది. రెండు ఫైళ్లనీ పక్కపక్కన పెట్టి తేడాలు చూసుకుని మార్చేసరికి రాత్రి పదైంది.

కాబట్టి ఫోల్డర్ ఎక్కడికి మోసినా, ఏ మిషన్ మీద తెరిచినా, ముట్టుకునే ముందు ఒకసారి కంపైల్ చేయండి. అప్పుడు చిట్టా కొత్త అడ్రసులతో మళ్లీ రాసుకుంటుంది.

ఇక అందరూ వదిలేసే విషయం ఇంకొకటి, నా మట్టుకు సెట్టింగులన్నిటికన్నా ఇదే ముఖ్యం. పై అంకెల్లో చూశారుగా, చిట్టాలో సోర్సు వైపు ఉన్నది లైను నంబరు ఒక్కటే. ఆ లైన్లో ఎన్నో మాటో అందులో లేదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో వర్డ్ ర్యాప్ పెట్టుకుని ఒక పేరా మొత్తం ఎంటర్ కొట్టకుండా రాస్తే, తెరమీద పద్నాలుగు వరసలు కనబడినా ఫైల్లో అది ఒకటే లైను. మీరు పేరా చివరి మాట మీద క్లిక్ చేసినా తీసుకెళ్లి పేరా మొదట్లో పడేస్తుంది. అక్కడి నుంచి మళ్లీ కళ్లతో వెతుక్కోవడమే. సింక్ సరిగ్గా పని చెయ్యట్లేదని చాలామంది తిట్టేది దీన్నే, పాపం అది దాని పని అది చేస్తోంది.

మందు చాలా తేలిక: వాక్యం అవ్వగానే ఎంటర్ కొట్టండి. ఒక వాక్యానికి ఒక లైను. లాటెక్‌కి ఒక్క ఎంటర్ అంటే ఒక ఖాళీతో సమానం, పేరా విరగాలంటే మధ్యలో ఖాళీ లైను ఉండాలి, కాబట్టి ప్రింటులో తేడా ఏమీ రాదు. మరీ పొడుగు వాక్యమైతే కామా దగ్గర కూడా విరవండి. మన తెలుగు వాక్యాల సంగతి తెలుసుగా, క్రియ వచ్చేలోపు రైలు నౌపడా దాటేస్తుంది.

ఇప్పటికే రాసిన 180 పేజీలు ఎలా అంటారా, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో రీప్లేస్‌లో ఎక్స్‌టెండెడ్ మోడ్ పెట్టి, చుక్క తర్వాత ఖాళీ ఉన్నచోటల్లా చుక్క తర్వాత కొత్త లైను వచ్చేలా మార్చేయొచ్చు. డా. దగ్గరా, పేజీ నంబరుకి ముందు పే. అని పొట్టిగా రాసుకున్న చోటా విరిగిపోతాయే అనుకోకండి, ఎంటర్ అంటే ఖాళీయే కాబట్టి అచ్చులో ఏమీ కనబడదు. ఒక్క చోట మాత్రం ప్రమాదం ఉంది. పర్సెంట్ గుర్తుతో కామెంట్ పెట్టుకున్న లైన్లలో రెండు వాక్యాలుంటే, రెండోది కిందికి దిగి కామెంట్ కాకుండా పోతుంది. "ఈ పేరా గైడు గారికి నచ్చదేమో. తర్వాత చూద్దాం" అని మీరు మీకోసం రాసుకున్నదాంట్లో తర్వాత చూద్దాం అన్న ముక్క థీసిస్‌లో అచ్చవుతుంది. నవ్వకండి, ఒక థీసిస్‌లో బైండింగ్ ముందు రోజు పట్టుకున్నాను అలాంటిది. కాబట్టి ముందు బ్యాకప్ తీసుకుని, ఒక్కో అధ్యాయం మార్చి, పాత పీడీఎఫ్‌తో పోల్చి చూసుకుంటూ వెళ్లండి.

మీ మాటల పట్టిక సంగతి వేరు. దాన్ని టాబ్యులర్ ఎక్స్‌లో కట్టానన్నారు. అందులో ఏ వరస మీద క్లిక్ చేసినా పట్టిక చివరికే వెళ్తుంది. ఎందుకంటే ఆ ప్యాకేజీ పట్టిక మొత్తాన్ని ముందు ఒక్క గుక్కలో మింగేసి, నిలువు వరసల వెడల్పు లెక్క చూసుకుని, ఆ తర్వాత పేజీ మీద పేరుస్తుంది. పేర్చేటప్పటికి కంపైలర్ మీ ఫైల్లో పట్టిక ముగిసే లైను దగ్గర ఉంటుంది, చిట్టాలో అదే రాసుకుంటుంది. లాంగ్‌టేబుల్‌కి మార్చుకోండి, అది వరస వెంట వరస చదువుతూ పేరుస్తుంది, క్లిక్ చేస్తే ఆ వరసకే వెళ్తుంది. ఎలాగూ మీ పట్టిక పేజీలకి పేజీలు సాగేది కదా, టాబ్యులర్ ఎక్స్‌కి పేజీ దాటడం రాదు, మీరు ఇప్పటిదాకా ముక్కలు ముక్కలుగా కోసి కట్టి ఉంటారు. ఒక మాటకి ఒక లైను చొప్పున రాసుకుంటే సవర మాట మీద క్లిక్ చేసిన వెంటనే దాని ఒడియా, తెలుగు అర్థాలు ఎదురుగా ఉంటాయి.

వైవాకి బీమర్‌లో స్లైడ్లు చేసినప్పుడు కూడా ఇదే అవుతుంది, స్లైడ్లో ఎక్కడ నొక్కినా ఫ్రేమ్ ముగిసే లైనుకే తీసుకెళ్తుంది. సమీకరణాలు వరసగా పేర్చే అలైన్‌లోనూ అంతే. వీటికి మందు లేదు, అలవాటు పడిపోవడమే, ముగిసే లైను దొరికితే పైకి నాలుగు లైన్లు చూసుకోవడం పెద్ద పనేమీ కాదు. విషయసూచిక మీద క్లిక్ చేస్తే మీరెప్పుడూ చూడని ఒక ఫైలు తెరుచుకుంటుంది, బిబ్‌టెక్‌తో చేసిన గ్రంథసూచి మీద చేసినా అంతే. అవి కంపైలరూ బిబ్‌టెక్కూ రాసుకునే ఫైళ్లు, వాటిలో దిద్దినవి మళ్లీ కంపైల్ చేసినప్పుడో బిబ్‌టెక్ నడిపినప్పుడో మాయమైపోతాయి. అధ్యాయం పేరు తప్పుంటే అధ్యాయం ఫైల్లో, పుస్తకం పేరు తప్పుంటే బిబ్ ఫైల్లో దిద్దండి.

క్లిక్ చేస్తే రెండు మూడు లైన్ల తేడాతో వస్తోందంటే మాత్రం కంగారు వద్దు. కంపైల్ చేశాక మీరు పైన ఎక్కడో మూడు లైన్లు కలిపారు, చిట్టాకి ఆ సంగతి ఇంకా తెలీదు. కంపైల్ చేస్తే సర్దుకుంటుంది. ప్రతిసారీ నల్ల విండోలో కొట్టడం విసుగనిపిస్తే లాటెక్ ఎంకే అనే స్క్రిప్టు ఉంది, హైఫన్ పీవీసీ అని ఇచ్చి వదిలేస్తే ఫైలు సేవ్ అయినప్పుడల్లా తనే కంపైల్ చేస్తుంది. దానికీ జీలాటెక్ వాడమని, సింక్‌టెక్ 1 అని చెప్పాలి, లేకపోతే మొదటికొస్తుంది. 180 పేజీలు ప్రతి సేవ్‌కీ కంపైల్ అవ్వాలంటే పాత ల్యాప్‌టాప్ మీద ఆలస్యమే. అధ్యాయాలని ఇంక్లూడ్‌తో కలిపి ఉంటే, మెయిన్ ఫైల్లో ఇంక్లూడ్ ఓన్లీ అని ఒక అధ్యాయం పేరు మాత్రం ఇచ్చుకోండి. మిగతావాటి పేజీ నంబర్లు చెడవు, సింక్ ఆ అధ్యాయానికి మామూలుగానే పని చేస్తుంది.

ఎడిటర్ నుంచి పీడీఎఫ్‌కి వెళ్లడం, అంటే ఫార్వర్డ్ సెర్చ్, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో కుదురుతుంది కానీ రన్ మెనూలో పొడుగాటి కమాండ్ కట్టుకోవాలి. నిజం చెప్పాలంటే ఆ పని మీకు రోజూ కావాలంటే టెక్‌స్టూడియో అనే లాటెక్ ఎడిటర్ వేసుకోవడం మేలు. అందులో పీడీఎఫ్ పక్కనే తెరుచుకుంటుంది, సింక్‌టెక్ ముందే ఆన్ చేసి ఉంటుంది, అటూ ఇటూ కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే చాలు. కంపైలర్‌ని మాత్రం సెట్టింగ్స్‌లో జీలాటెక్‌కి మార్చాలి, డిఫాల్ట్‌గా పీడీఎఫ్‌లాటెక్ ఉంటుంది, మన లిపులు దానికి అచ్చి రావు. అధ్యాయం ఫైళ్ల మొదటి లైన్లో ఒక కామెంట్‌గా మెయిన్ ఫైలు ఏదో రాసిపెట్టుకుంటే ఏ అధ్యాయం నుంచి కంపైల్ నొక్కినా మొత్తం థీసిసే కంపైల్ అవుతుంది. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వాడే పిల్లలు అందులోకి లాటెక్ వర్క్‌షాప్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటున్నారు, అందులో కంట్రోల్ ఆల్ట్ జే కొడితే పీడీఎఫ్‌లోకి, పీడీఎఫ్‌లో కంట్రోల్ క్లిక్ చేస్తే సోర్సులోకి. బాగుంటుంది, కానీ పాత ల్యాప్‌టాప్ మీద బరువు.

ఇప్పుడు నా షాపులో లినక్స్, వ్యూయర్ ఓకులర్. అందులో సెట్టింగ్స్‌లో ఎడిటర్ ఏదో చెప్పి, బ్రౌజ్ మోడ్‌లో షిఫ్ట్ నొక్కి క్లిక్ చేయాలి. సెలక్షన్ మోడ్‌లో ఉండి షిఫ్ట్ క్లిక్ కొట్టి పని చెయ్యట్లేదనేవాళ్లు చాలామంది. ఓకులర్‌ని ఫ్లాట్‌ప్యాక్‌గా వేసుకుంటే అది తన గదిలో తనుంటుంది, బయటున్న ఎడిటర్‌ని పిలవలేదు, మామూలు ప్యాకేజీగా వేసుకోండి. మ్యాక్ ఉన్నవాళ్లకి స్కిమ్ అనే వ్యూయర్, అందులో షిఫ్ట్, కమాండ్ రెండూ నొక్కి క్లిక్. మీకు ఇవేవీ అక్కర్లేదు, ఇది చదివే వేరేవాళ్ల కోసం రాశాను.

బ్రౌజర్‌లోనే లాటెక్ రాసుకునే ఓవర్‌లీఫ్‌లో ఇవన్నీ తయారుగా ఉంటాయి కదా, పీడీఎఫ్ మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఉంటాయి, లోపల నడిచేదీ ఈ సింక్‌టెక్కే. నెట్ ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఎలా అయిపోయిందో మీకు నేను చెప్పాలా? రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అప్పుడు ఓవర్‌లీఫ్‌లో పని పెట్టుకున్న ఒక కుర్రాడు తన అధ్యాయం తనకే అందక షాపు చుట్టూ తిరిగాడు. నేను జనరేటర్ ఉన్న చోట ల్యాప్‌టాప్ చార్జింగ్ పెట్టుకుని పని చేసుకున్నాను. మన వైపు థీసిస్ అన్నది మన హార్డ్ డిస్కులో ఒక కాపీ ఉండి తీరాలని నా అభిప్రాయం.

ఇంతా చేసినా పని చెయ్యకపోతే, తప్పెవరిదో తేల్చడానికి ఒక దారుంది. టెక్ లైవ్‌తో పాటు సింక్‌టెక్ అనే కమాండే ఒకటి వస్తుంది, వ్యూయర్‌తో సంబంధం లేకుండా చిట్టాని నేరుగా అడగొచ్చు. వ్యూ అని చెప్పి, లైను నంబరు, సోర్సు ఫైలు, పీడీఎఫ్ పేరు ఇస్తే అది ఏ పేజీలో ఎక్కడుందో చెప్తుంది. 212వ లైను అడిగితే 63వ పేజీ అని వచ్చిందంటే కంపైలరూ చిట్టా రెండూ సవ్యంగా ఉన్నట్టే, ఇక గొడవ వ్యూయర్ సెట్టింగ్‌లోనో ఎడిటర్ కమాండ్‌లోనో ఉంది. ఏమీ రాకపోతే అడ్రసుల దగ్గరికే వెళ్లండి.

అదీ తేలకపోతే చిట్టా విప్పి ఆ ఇన్‌పుట్ లైన్లలో మీ అధ్యాయాలవి నాలుగు, సుమాత్రా పెట్టెలో మీరు రాసిన కమాండ్ ఉన్నదున్నట్టుగా, ఒక్క ఖాళీ కూడా మార్చకుండా ఇక్కడ పెట్టండి. ఫోటో తీసి పెట్టొద్దు మాస్టారూ, ఫోటోలో ఖాళీ ఉందో లేదో నాకు కనబడదు. రాత్రి షాపు మూశాక చూసి చెప్తాను.